బాపు తినని జొన్నరొట్టెలు

మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంట్లో అందరూ హోటలుకు బయలుదేరుతున్నారు. మా పెద్దబ్బాయి గడప దగ్గర చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగి, పాదాన్ని నేలకేసి తట్టి, పొద్దంతా కూర్చొని కూర్చొని కాలు మొద్దుబారిందమ్మా, అంతే, అన్నాడు. వాడికి అరవై దాటాయి. చాలా ఏళ్లుగా చక్కెర జబ్బుంది. ఏం తినాలో ఏం తినకూడదో డాక్టరు విడమరచి చెప్పాడు, వీడు బుద్ధిగా తలూపి విన్నాడు కూడా. కానీ కోడలికి ఉద్యోగం నుంచి వచ్చాక వంటగదిలో నిలబడే ఓపిక ఉండదు, మనవళ్లకు ఇంటి తిండంటే మొహం మొత్తింది, వీడికేమో నలుగురి మధ్య బల్ల ముందు కూర్చొని తినడంలో ఉన్న సంబరం ఇంట్లో దొరకదు. నన్నూ రమ్మన్నారు, రానన్నాను. వాళ్ల కారు వెళ్లిపోయాక అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను, లేచి లైటు వేయడానికి కూడా మనసొప్పలేదు. ఎందుకంటే కాలు మొద్దుబారిందన్న ఆ మాటనే పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మా బాపు నోట విన్నాను, ఆ తరువాత ఏం జరిగిందో కళ్లారా చూశాను.

మాది పాలమూరు జిల్లాలో కోస్గి పక్కన చిన్న ఊరు. నా ఈడువాళ్లకు ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిజాం ఏలుబడి చివరి సంవత్సరాలు, ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మా వాడలో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన కాలం. ఇంట్లో బాపు, అమ్మ, అన్న, నేను. ఇల్లంటే సగం మగ్గమే. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి అంచు మీద కూర్చొని, అడుగున ఉన్న చెక్కలను పాదాలతో తొక్కుతూ నేసే గుంటమగ్గం మాది. పొద్దున దిగిన బాపు ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేచేవాడు కాదు. అంతసేపు ఆ చల్లటి గుంటలో ఉన్న పాదాలకు స్పర్శ తెలియకపోవడం నేతవాళ్లకు మామూలు సంగతి, పైగా కాలు మొద్దుబారిందంటే ఆ పూట పని బాగా సాగిందనే అర్థం. వాడలో పెద్దవాళ్లు కూర్చొని మాట్లాడుకునేటప్పుడు ఎవరి కాళ్లు ఎంతసేపు మొద్దుబారి ఉంటాయో గొప్పగా చెప్పుకునేవారు. అదొక జబ్బు లక్షణం కావచ్చని ఒక్కరికైనా తోచలేదు.

అమ్మ వంట గురించి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను కూడా. పొద్దున లేవగానే ఇసుర్రాయి చప్పుడు వినబడేది, జొన్నలు ఆ పూటకు ఆ పూట విసరకపోతే పిండి చేదెక్కుతుందని అమ్మ నమ్మకం. ఆ పిండిని వేడినీళ్లతో కలిపి, రెండు అరచేతుల మధ్య తట్టి తట్టి పళ్లెమంత వెడల్పు చేసి పెనం మీద వేసేది. దానిలోకి మేం పుంటికూర అనే గోంగూరో, తోటకూరో, పెసరుకట్టో, ఏమీ లేనినాడు ఉల్లిగడ్డ నంజుకొని పచ్చిపులుసో. పొద్దునపూట జొన్నరవ్వ ఉడికించిన గట్క, ఎండాకాలంలో తైదల, అంటే రాగుల, అంబలి. అది ఆరోగ్యమని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. వరన్నం పండగలకు తప్ప దొరకని ఇళ్లలో జొన్న తినడమంటే లేమి, ఆ లేమిని అమ్మ శుభ్రంగా, కమ్మగా, ఎవరికీ తక్కువ కాకుండా వండిపెట్టేది. ఈనాడు అదే పిండిని రంగు సంచీల్లో నింపి అమ్ముతుంటే నాకు నవ్వు రావాలి, రాదు.

నాకు ఊహ తెలిసిన రోజుల్లోనే కోస్గి అంగడి దగ్గర ఒక చాయ్ హోటల్ వెలిసింది. తడికెల గోడలు, రేకుల కప్పు, ముందు పందిరి, లోపల బెంచీలు, బయట పెద్ద మూకుడులో కుసుమనూనె కాగుతూ ఉండేది. పూరీలు, మిర్చిబజ్జీలు, జిలేబీ, పాలు చిక్కగా పోసి తీయగా కాచిన చాయ్. అందులోకి ఆడవాళ్లు అడుగుపెట్టేవారు కాదు, నేను పందిరి గుంజ దాకా పోయి వాసన చూసి వెనక్కి వచ్చేదాన్ని. మగవాళ్లకు మాత్రం అదొక కొత్త లోకం. ఇంట్లో పీట మీద కూర్చొని తినేవాడు అక్కడ బెంచీ మీద కాలు మీద కాలేసుకొని కూర్చునేవాడు, ఒకరు తెచ్చి ముందు పెట్టేవారు, పట్నం కబుర్లు చెప్పేవారు. బాపు మొదటిసారి అన్నను వెంట తీసుకుపోయి పూరీ తినిపించిన రోజు, ఇంటికి వచ్చాక వాడు నెల దాకా ఆ పూరీ ఎలా పొంగిందో చేతులతో చూపిస్తూనే ఉన్నాడు. అప్పటినుంచి అంగడి రోజు వచ్చిందంటే తండ్రీకొడుకులిద్దరూ ఇంటికి వచ్చి ఆకలి లేదనేవారు, అమ్మ వాళ్ల వంతు రొట్టెలు ఉట్టిలో పెట్టి మరునాడు నీళ్లు చిలకరించి కాచుకొని తినేది.

ఆ మరుసటి ఏడాది బాపు చిక్కిపోవడం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా దూప తీరేది కాదు, మగ్గం మీద నుంచి మాటిమాటికీ లేచి పెరట్లోకి పోయేవాడు, మూత్రం పోసినచోట చీమలు పట్టేవి. కోస్గిలో ఒక హకీం సాబు ఉండేవాడు. నాడి చూసి, కళ్లు చూసి, ఇది షక్కర్ బీమారి, మందు నేనిస్తాను కానీ అసలు మందు మీ ఇంట్లోనే ఉందని అమ్మతో అన్నాడు. జొన్నరొట్టె, ఆకుకూరలు, కాకరకాయ, మెంతులు తినాలి. తీపి, తెల్లన్నం, నూనెలో వేగినవి పూర్తిగా బంద్. అమ్మ ముఖం ఆ మాటతో వెలిగిపోవడం నాకిప్పటికీ గుర్తుంది. పాపం, ప్రపంచంలో అన్ని జబ్బులుండగా తన చేతిలో ఉన్నదానితోనే నయమయ్యే జబ్బు వచ్చిందని ఆమె సంబరపడింది.

అమ్మ ఆ పథ్యాన్ని ఒక నోములా పట్టింది. బాపు ఒక్కడికే వేరే వండితే ఆయన మనసు చిన్నబోతుందని ఇంటిల్లిపాదికీ అదే వండింది. ఇంట్లోకి బెల్లం రావడం ఆగిపోయింది. కాకరకాయ ఒకనాడు ఉడికించి, ఒకనాడు కాల్చి, ఒకనాడు చింతచిగురులో వేసి, చేదు తెలియకుండా చేయాలని ఆమె పడ్డ పాట్లు అన్నీఇన్నీ కావు. అన్న మూతి ముడుచుకొని సగం తిని లేచేవాడు. బాపు మాత్రం పల్లెత్తు మాట అనకుండా తినేవాడు, అదే మమ్మల్ని మోసం చేసింది. ఎదురు తిరిగి ఉంటే అమ్మ పోట్లాడేది. ఆయన ఇంట్లో ఎంత పెడితే అంత తిని, అంగడి రోజు హోటల్లో కూర్చునేవాడు.

అందులో ఆయన తప్పు మాత్రమే ఉందని నేననను. నూలు పంచే సావుకార్లు అంగడి రోజు ఆ హోటల్లోనే కూర్చునేవారు, చీరల బేరమూ అక్కడే, నూలు సంగతీ అక్కడే. వాళ్లతో కూర్చొని చాయ్ తాగినవాడి చేతికి నూలు వచ్చేది, పందిరి బయట నిలబడినవాడిని ఎవరూ పిలిచేవారు కాదు. ఆ మాటే బాపు అనేవాడు. హోటల్ల కూసోకుంటే నూలు ఎవడిస్తడే, మగ్గం ఆపుకొని మీ కాకరకాయలు తినుకుంట కూసుందమా అని. కూసో, ఎవరొద్దన్నరు, నీ సద్ది నువ్వు తిను, అంతే నేననేది, అనేది అమ్మ. అలా అంగడి రోజు సద్ది కట్టడం మొదలుపెట్టింది. బాపు నేయగా మిగిలిన గుడ్డముక్కలో నాలుగు రొట్టెలు, ఆకుకూర ముద్ద, వేయించిన మెంతులు మూటగట్టి బాపు భుజానికి వేసేది. సాయంత్రం ఖాళీ గుడ్డ తిరిగి వచ్చేది. అమ్మ దాన్ని విప్పి, దులిపి, ఒక్క తునక కూడా మిగల్చలేదని నాకు చూపించి మురిసిపోయేది. హోటల్లో కూర్చొని కూడా తన రొట్టె తింటున్న మొగుడిని చూసి ఆమె వాడంతా చెప్పుకుంది.

అయినా బాపు చిక్కుతూనే పోయాడు. అమ్మ తన చేతినే అనుమానించింది, మెంతులు ఇంకొంచెం పెంచింది, జొన్నలు మార్చింది, ఉపవాసాలు మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే ఒకనాడు గుంట ఊడవడానికి దిగిన నాకు అడుగు చెక్క మీద ఎండిన నెత్తురు కనబడింది. అమ్మను పిలిచాను. బాపు అరికాలు తిప్పి చూస్తే చెక్క నుంచి లేచిన పేడు ఒకటి బొటనవేలి కింద లోతుగా దిగి చీము పట్టి ఉంది, ఎన్నాళ్లనుంచో తెలియదు. నొప్పి లేస్తలేదా అని అమ్మ అడిగితే, బాపు పాదాన్ని నేలకేసి తట్టి, గుంటల కూసుంటే కాలు మొద్దుబారుడు కొత్తనా, అదే పోతది, అన్నాడు. నొప్పి లేదు కనుక గాయం పెద్దది కాదని ఆయన అనుకున్నాడు, వాడంతా అలాగే అనుకుంది. పసుపు పెట్టి కట్టు కట్టి మళ్లీ గుంటలోకి దిగాడు.

కాలు వాచిన తరువాత కూడా అంగడికి పోవడం మానలేదు. నడవలేకపోతున్నాడని ఒక అంగడి రోజు అమ్మ, నేను కూడా తోడు పోయాం, బండి మీద. బాపును పందిరి దగ్గర దించి, సద్ది మూట ఆయన చేతికిచ్చి, మేం పక్కన అరుగు మీద కూర్చున్నాం. ఆయన ఇంకా లోపలికి అడుగుపెట్టనేలేదు, కట్టెలమోపులు అమ్ముకునే ఒకామె, చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకొని ఒక పిల్లగాడు, నవ్వుకుంటూ ఎదురొచ్చి చేయి చాపింది. అన్నా, పొద్దుగాల నుంచి పోరగాడు నీ తొవ్వనే చూస్తాండు, రొట్టెలు తెచ్చినవా, అంది. ఆ పిల్లగాడు అప్పటికే మూట ముడి మీద చేయి వేశాడు. బాపు మా వైపు చూడలేదు, చూడలేకపోయాడు. అమ్మ అరుగు దిగి నెమ్మదిగా పోయి, బాపు చేతిలోంచి మూట తీసుకొని, ముడి తానే విప్పి రొట్టెలు ఆమె కొంగులో పెట్టింది. ఈమె నా ఇంటిది అని బాపు గొణిగితే ఆ పిచ్చితల్లి ఇంకా నవ్వింది. నువ్వేనా అక్కా, నీ చేతి రొట్టె తినవట్టి నా పోరగాడు లేచి తిరుగుతాండు, ఏడాది నుంచి అంగడినాడు గదే మాకు కూడు, అంది.

తిరుగు దారిలో బండి మీద నాకు ఏడుపు వస్తోంది, ఎందుకో చెప్పలేను. ఆ ఆకలిగొన్న పిల్లలు తిన్నందుకు బాధపడకూడదని తెలుసు, కానీ మా బాపు బతకాలని కదా అమ్మ ఆ రొట్టెలు చేసింది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక అమ్మ అడిగింది, నా రొట్టె గంత చేదైందా నీకు, అని. బాపు, చేదు కాదే, అందరు పూరీలు తింటుంటే నేనొక్కన్ని రోగిష్టోని లెక్క సద్దిమూట ఇప్పుకొని కూసుంటే నామోషి గాదా, అన్నాడు. అమ్మ మరుసటి అంగడికి రెండు మూటలు కట్టింది, ఒకటి ఆ కట్టెలామెకు, ఒకటి నీకు అని వేరువేరుగా చెప్పి ఇచ్చింది. సాయంత్రం రెండు గుడ్డలూ ఖాళీగా వచ్చాయి. ఆ రెండో మూట ఎవరు తిన్నారో అమ్మ అడగలేదు, ఈసారి గుడ్డ దులిపి నాకు చూపించనూ లేదు.

బొటనవేలు నల్లబడ్డాక పాలమూరు దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ పాదం తీసేశారు. గుంటమగ్గానికి రెండు పాదాలూ కావాలి, బాపు మళ్లీ మగ్గం ఎక్కలేదు, అన్న ఆ గుంటలో దిగాడు. బాపు వాకిట్లో మంచం మీద పడుకొని మగ్గం చప్పుడు వింటూ, దారం తెగినప్పుడల్లా లోపలికి కేక వేసేవాడు. ఇక హోటలుకు పోలేడు కదా, ఇప్పుడైనా నా తిండి ఒంటికి పడుతుందని అమ్మ మళ్లీ కొంచెం ఆశపడింది. కానీ హోటలే ఇంటికి వచ్చింది. రోగిని చూడడానికి వట్టిచేతులతో రాకూడదు కదా, వాడలోవాళ్లు, సావుకారు గుమాస్తాలు, పాత స్నేహితులు, వచ్చిన ప్రతివాళ్లూ ఆకుపొట్లంలో బజ్జీలనో జిలేబీనో పట్టుకొచ్చేవారు. తినరా, ఇంట్ల గడ్డిగాదం పెట్టి సంపుతున్నరు నిన్ను, అని ప్రేమగా నోటికి అందించేవారు. వాళ్ల ముందు అమ్మ వద్దనలేకపోయేది. వాళ్లు పోయాక పొయ్యి ముందు కూర్చొని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. నాకు ఆ వచ్చేవాళ్లందరి మీదా ఎంత కోపమంటే, ఇన్నేళ్లయినా అది పూర్తిగా చల్లారలేదు.

గాయం పైకి పాకింది. హకీం సాబు వచ్చి చూసి, బయటికి వచ్చి, అమ్మా, ఇక పథ్యం లేదు, ఆయనకు ఏది ఇష్టమైతే అది పెట్టు అని చెప్పి పోయాడు. ఆ మాట విన్న మరునాడు అమ్మ ఇసుర్రాయి ముట్టలేదు, పొయ్యి వెలిగించలేదు. ఏమనుకుందో ఏమో, మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకొని ఎండలో కోస్గి దాకా నడిచింది. ఎన్నడూ ఎక్కని ఆ హోటలు గడప ఎక్కింది, లోపల మగవాళ్లంతా మాటలు ఆపి చూస్తుంటే తలవంచుకొని, పూరీలు, మిర్చిబజ్జీలు పొట్లం కట్టించుకుంది. ఇంటినుంచి తెచ్చిన చెంబులో చాయ్ పోయించుకొని, చక్కెర ఇంకింత వేయమంది. దారి పొడుగునా ఆ చెంబును కొంగుతో కప్పి చల్లారకుండా గుండెకు ఆనించుకొని తెచ్చింది.

బాపు మేలుకొనే ఉన్నాడు. అమ్మ పక్కన కూర్చొని పొట్లం విప్పి, పూరీ తుంచి నోటి దగ్గర పెట్టింది. ఆయన దానివైపు చూసి, అమ్మ ముఖంలోకి చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు. అంతా అర్థమైపోయి ఉంటుంది. రొట్టె లేదా, అన్నాడు. గింత రొట్టె, పుంటికూర ఏసి పెట్టు, నీ చేతితోటి.

ఇంట్లో పిండి లేదు. ఆ ఒక్కరోజు విసరలేదు. అమ్మ లేచి పరుగున పోయి జొన్నలు తెచ్చి ఇసుర్రాయి ముందు కూలబడింది. అది విసరడం కాదు, పిడి ఊడిపోయేటట్టు తిప్పుతోంది, చెమట, కన్నీళ్లు పిండిలో పడుతున్నాయి. నేను పొయ్యి ఊదుతున్నాను, తడి కట్టెలు పొగ చిమ్ముతున్నాయే కాని అంటుకోవు. అన్న పుంటికూర కోసం దడి దూకి పోయాడు. అమ్మ ఆనాడు తట్టిన రొట్టె అంచులు పగిలి, ఒకచోట మందంగా ఒకచోట పలచగా వచ్చింది, అట్లాంటి రొట్టె ఆమె చేతి నుంచి నేనెన్నడూ చూడలేదు. పళ్లెంలో పెట్టుకొని మంచం దగ్గరికి పోయేసరికి బాపు కళ్లు మూసుకొని ఉన్నాడు. తుంచిన ముక్క పెదవుల దగ్గర పెట్టి, ఇగో, తెచ్చిన, తిను, జర నోరు తెరువు, అని అమ్మ బతిమాలుతూనే ఉంది. పొద్దు గుంకేదాకా బతిమాలింది. బాపు నోరు తెరవలేదు.

ఆ తరువాత అమ్మ చాలా ఏళ్లు బతికింది. ఆమెకు మిగిలింది బాపు పోయిన దుఃఖం ఒక్కటే కాదు. ఆయన హోటలు తిండి తిన్న రోజులన్నీ క్షమించింది కానీ, పొయ్యి వెలిగించని ఆ ఒక్క పూటకు తనను తాను క్షమించుకోలేదు. అందులో నీ తప్పేముందమ్మా అని నేను పెద్దయ్యాక ఎన్నోసార్లు అన్నాను. ఆమె లేచి పోయి ఇసుర్రాయి ముందు కూర్చునేది.

ఇప్పుడు కోస్గి నిండా హోటళ్లే అట. ఆడవాళ్లు, పిల్లలు అందరూ పోతారు, పందిరి గుంజ పట్టుకొని వాసన చూసే ఆడపిల్ల ఎక్కడా ఉండదు, అది మంచిదే. జొన్నరొట్టె కూడా వాటిలో దొరుకుతుందని మనవరాలు చెప్పింది. నామోషీ పోయింది, ఆకలీ కొంత తగ్గింది, మందులు వచ్చాయి, సూదులు వచ్చాయి. మారనిదల్లా ఒకటే, ఇంట్లో ఒకరు వండి ఎదురుచూడడం, ఇంకొకరు బయట తిని రావడం. ఆకలి లేదన్న మాట వినడానికి పూర్వం ఒక అమ్మ ఉండేది, ఇప్పుడు అది చెప్పడానికి కూడా ఎవరూ నా దగ్గరికి రారు, తిన్నారని నాకు తెలుసని వాళ్లకు తెలుసు.

మా అబ్బాయికి నేను ఈ కథ చెప్పాను. ఒకసారి కాదు. ఓపికగా విని, అప్పుడు మందుల్లేవు కదమ్మా, అంటాడు. నా చేతులు వణుకుతాయి, రొట్టె గుండ్రంగా రాదు, అయినా రోజూ సాయంత్రం వాడి పేరిట రెండు చేసి గుడ్డలో చుట్టి పెడతాను. వాడు అడిగిననాడు లేదనే మాట నా నోట రాకూడదు. ఇంతవరకు వాడు అడగలేదు.